సావ్కా అత్త అడిగిన మీటరున్నర

కోపమేం లేదే నెవెనా. ఆ మందుల సంచీ అక్కడ పడెయ్యి, కారు తాళాలు కూడా అక్కడే పెట్టు, వచ్చి కూర్చో. దారి పొడుగునా నేను మాట్లాడలేదంటే ఒంట్లో బాగోక కాదు. ఆ మల్బరీ చెట్ల మలుపులో సైకిలు మీద పోతున్న పెద్దాయన్ని దాటావు చూడు, అప్పట్నించీ నాకు నోరు పెగల్లేదు. "హారన్ కొట్టాను కదా తాతయ్యా" అన్నావు. అదే మాట, పొల్లుపోకుండా అదే మాట నేనూ అన్నాను ఒకప్పుడు. నీకంటే ఓ మూడేళ్లు పెద్దవాణ్ణేమో అప్పటికి. సరేలే, పొయ్యి మీద చిక్కుడు గింజలున్నాయి, సన్నగా మంట పెట్టు, అడుగంటితే మీ అమ్మ నన్నే అంటుంది. ఆరింటి బస్సుకి దిగుతుందిగా, ఇంకా గంట పైనే ఉంది. ఈలోపు నీకు సావ్కా అత్త గురించి చెబుతాను. నీకు చెబితే నాకు కాస్త నోరు తిరుగుతుంది. మీ అమ్మకి చెప్పాల్సింది ఒకటుంది. యాభై ఏళ్లుగా ఉంది అది, ఇవాళ రేపు అంటూనే ఇంతకాలం గడిపాను.

సావ్కా అత్త అంటే మనకి చుట్టమేం కాదు, ఊరందరికీ అత్తే. మంత్రసాని. చుట్టుపక్కల నాలుగు ఊళ్లకీ ఆవిడొక్కతే. నల్ల సైకిలు, వెనక తోలు సంచీ, లంగా చక్రంలో పడకుండా చక్రానికి అల్లిన వల. పొట్టి మనిషి, కానీ సైకిలెక్కిందంటే నిటారుగా కూర్చునేది, మన టీసా నది మీంచి ఎదురుగాలి కొట్టినా సరే నడుం వంచేది కాదు. మంచు పడితే సైకిలు నెట్టుకుంటూ నడిచి వచ్చేది గానీ, రాలేదు అన్న మాట మాత్రం లేదు. ఆవిడకో అలవాటుండేది. మనుషుల్ని పేర్లతో కాదు, పుట్టుకతో గుర్తుపెట్టుకునేది. మ్లాదెన్ అని నా తోటి లారీ డ్రైవరు, చక్కెర ఫ్యాక్టరీకి దుంపలు తోలేవాళ్లం ఇద్దరం, నువ్వు చూసుండవులే, ఆరడుగుల మనిషి, ఎద్దు మెడ. వాణ్ణి సంతలో పదిమంది ముందు పట్టుకుని, "నువ్వు కాళ్లు ముందుపెట్టి పుట్టావురా, అప్పుడే అనుకున్నా వీడు ముందేముందో చూసుకోకుండా బతుకుతాడని" అనేది. వాడు టోపీ తీసి చేతిలో పట్టుకుని నుంచునేవాడు. ఏం చేస్తాడు మరి, సాక్ష్యం ఆవిడే కదా. నన్నయితే "తొందరగాడు" అనేది. మా అమ్మకి నొప్పులొస్తున్నాయని తెలిసేలోపే, ఆవిడ సంచీ విప్పేలోపే ఊడిపడ్డానట. "జివ్కో, తొందరగాడా, నిన్ను ఈ లోకంలోకి నేను లాగలేదురా, పట్టుకున్నానంతే, లేకపోతే నేలకి కొట్టుకునేవాడివి" అనేది. నవ్వు, నవ్వు. మేమూ నవ్వేవాళ్లం.

ఏమంటున్నానూ... ఆ, రోడ్డు. ఇవాళ నువ్వు నడిపిన రోడ్డే, కాకపోతే అప్పుడు దీన్లో సగం వెడల్పు. గట్టు మీద రోడ్డు, పక్కన కింద బళ్లు పోయే మట్టి దారి. మా కాలంలో ఒక ఆచారం ఉండేది. లారీవాడు హారన్ కొడితే సైకిలువాడు మట్టి దారిలోకి దిగాలి. ఎవరు పెట్టారో తెలీదు, రాత లేదు కోత లేదు, అందరూ పాటించేవాళ్లు. హారన్ కొట్టడం మా దృష్టిలో మర్యాద. కొట్టకుండా పోతే మూర్ఖుడు, కొట్టి పోతే పెద్దమనిషి. ఎండాకాలం బాగానే ఉండేది. చక్కెర దుంపలు తవ్వేది ఎప్పుడు? వానల్లో కదా. మన నల్లమన్ను సంగతి నీకు చెప్పాలా, తడిస్తే కాలు దిగబడితే జోడు అక్కడే ఉంటుంది, కాలొక్కటే పైకి వస్తుంది. ఆ బురదలోకి సైకిలుతో దిగమంటే ఎలా దిగుతారు? ఈ మాట మాకు ఎందుకు తోచలేదంటే, మేం పైన కూర్చున్నాం. అంతకు రెండేళ్ల ముందు దాకా మేమంతా సైకిళ్లు తొక్కినవాళ్లమే. అత్తా ఒకింటి కోడలే అంటారే, స్టీరింగు చేతికొచ్చాక కోడలికాలం ఎవరికి గుర్తుంటుంది. పైగా ఫ్యాక్టరీ గేటు దగ్గర బోర్డు ఒకటి. ఎవరు ఎక్కువ సార్లు దుంపలు తెస్తే వాడి పేరు పైన. మూడు వారాలు నా పేరే పైన. కళ్లు నెత్తికెక్కాయి నాకు.

అక్టోబరు, డెబ్భై ఒకటో సంవత్సరం. పొద్దున్నే మీ అమ్మమ్మకి నొప్పులు మొదలయ్యాయి. మొదటి కాన్పు. నేను ఉంటానన్నాను, ఇది మాత్రం నిజం, ఉంటానన్నాను. మా అమ్మే, "మగాడివి గుమ్మంలో అడ్డం, సావ్కాకి కబురు పంపాం, ఆవిడ పక్కూళ్లో ఉందిట, వచ్చేస్తుంది, నీ పని నువ్వు చూసుకో" అని తరిమింది. సరే అని లారీ ఎక్కాను. నిండా దుంపలు, వెనక ట్రాలీ. సన్నగా వాన. మల్బరీ చెట్ల మలుపు దాటగానే ముందు ఒక సైకిలు. వానకోటు, తల మీద గోనెపట్టా ముసుగు. ఎవరో ఏమిటో చూళ్లేదు. హారన్ కొట్టాను. దిగలేదు. మళ్లీ కొట్టాను, ఈసారి గట్టిగా, వేలు తియ్యకుండా. దిగలేదు. ఎదురుగా దూరంలో ట్రాక్టరు వస్తోంది. ఆగితే సరిపోయేది. ఎంతసేపు, ఒక్క నిమిషం. ట్రాక్టరు దాటిపోయేదాకా ఆ సైకిలు వెనకే మెల్లగా పోతే అయిపోయేది. నాకు ఆ నిమిషం బోర్డు మీది పేరులా కనబడింది. దాటేశాను. ట్రాక్టరు దగ్గరికొచ్చేసింది, గభాల్న కుడికి కోశాను. లారీ దాటింది గానీ వెనక ఇంకో లారీ అంత ట్రాలీ ఉందన్నది నేను మరిచిపోయాను. ఆ తర్వాత అద్దంలో చూశాను. రోడ్డు ఖాళీగా ఉంది. ఎవరూ లేరు. "ఆఁ, దిగాడులే చివరికి" అనుకున్నాను. అనుకుని ఈల వేసుకుంటూ పోయాను నెవెనా. ఎన్ని మరిచినా ఆ ఈల మాత్రం మరిచిపోలేను.

నాలుగింటికి ఇంటికొచ్చాను. వాకిట్లోనే మా అమ్మ, "ఆడపిల్ల, బతికింది" అంది. పుట్టింది అనలేదు, బతికింది అంది. లోపలికెళ్తే వంటింట్లో సావ్కా అత్త బల్ల దగ్గర కూర్చుని ఉంది. జుట్టులో బురద, చెంప మీద గీరుకుపోయిన చార. కుడి మణికట్టు ఉబ్బిపోయి నల్లబడి ఉంది, దానికి మన ఇంట్లో పిండి పలచగా చేసే పొడుగు కర్ర కట్టుకుంది, గుడ్డలు చుట్టి. ఆవిడ సైకిలు ముందు చక్రం వంకరపోతే, రోడ్డు పక్క కాలవలోంచి పైకి పాకి, రెండు కిలోమీటర్లు నడిచి వచ్చిందిట. వచ్చేసరికి బిడ్డ తల బయట, భుజం ఇరుక్కుపోయి ఉంది. రెండు చేతుల పని. ఆవిడకి ఉన్నది ఒక్క చెయ్యి, అదీ ఎడమది. మా అమ్మని పిలిచి, "ఇవాళ నీ చెయ్యే నా కుడి చెయ్యి, నేను చెప్పినట్టు కదులు, ఏడవకు" అని, మాటలతో మా అమ్మ చేతిని నడిపించి, తన ఎడం చేత్తో లాగి, నీలంగా వచ్చిన పిల్ల నోట్లో ఊపిరి ఊది బతికించింది. రెండు ప్రాణాలూ నిలబెట్టింది ఆ మనిషి, ఎముక విరిగిన చెయ్యి పక్కన పెట్టుకుని. పిల్ల ఎడమ భుజం దగ్గర మాత్రం నరం సాగిపోయింది. అవును. మీ అమ్మే. పుట్టుకతో వచ్చిందని ఇంట్లో చెప్పుకుంటామే, ఆ చెయ్యే.

నేను నుంచునే ఉన్నాను. ఆవిడ నన్ను పైనుంచి కింద దాకా చూసింది. మీ అమ్మమ్మ పక్క గదిలో, మా అమ్మ అటూ ఇటూ తిరుగుతోంది. "తొందరగాడా," అంది చాలా మామూలుగా, "నీ ట్రాలీ వెనక కుడివైపు దీపం పగిలింది, చూసుకో." అంతే. బయటికెళ్లి చూశాను. దీపం పగిలి ఉంది. ఆ పగిలిన చోట సైకిలు హ్యాండిలు చివరుండే నల్ల రబ్బరు పిడి ఇరుక్కుని ఉంది. ఆ పిడి జేబులో వేసుకుని లారీ చాటున కూలబడ్డాను. కాసేపటికి ఆవిడే వచ్చింది. "హారన్ కొట్టాను అత్తా" అన్నాను. చూడు, ఆ సమయంలో నాకు దొరికిన మాట అదీ. ఆవిడ అరవలేదు. "కొట్టావు. విన్నాను. నీ హారన్ అడిగిందా, చెప్పిందా?" అంది. నాకు అర్థం కాలేదు. "అడిగితే జవాబు కోసం ఆగేవాడివి. నువ్వు చెప్పి పోయావు" అంది. "ఆదివారం సైకిలు తీసుకుని రోడ్డు మీదకి రా. మ్లాదెన్‌ని ఖాళీ లారీ తెమ్మను, ట్రాలీతో."

ఆదివారం చర్చి గంట కొట్టాక వెళ్లాం. ఆవిడ చెయ్యి మెళ్లో కట్టుకుని మల్బరీ చెట్టు కింద కుర్చీ వేసుకుని కూర్చుంది, పరీక్ష పెట్టే పంతులమ్మలాగ. నన్ను అంచున తొక్కమంది. మ్లాదెన్‌కి, "వీడు నన్ను ఎలా దాటాడో అలా దాటు" అనలేదు, మ్లాదెన్‌కి ఏమీ తెలీదు. "మీరు రోజూ దాటే దూరంలో దాటరా" అంది. వాడు దాటాడు. తల్లీ, లారీ పక్కకి రాగానే గాలి నిన్ను బయటికి తోస్తుంది. సరే అని అటు నుంచి ఇటు ఒరుగుతావా, లారీకీ ట్రాలీకీ మధ్య సందు వచ్చేసరికి లోపలికి లాగుతుంది. ముందు తోసి తర్వాత లాగుతుంది. నేను వెళ్లి చెట్టుని కావిలించుకున్నాను. మూడుసార్లు తొక్కించింది. ఆ తర్వాత మ్లాదెన్‌ని సైకిలెక్కించి నన్ను నడపమంది, ఎందుకంటే ఒకడికే తెలిస్తే చాలదుట. ఆ ఎద్దు మెడ మనిషి సైకిలు దిగి, "జివ్కో, ఇదట్రా మనం రోజూ చేస్తున్నది" అన్నాడు. ఆవిడ కుర్చీలోంచి, "మీరు దాటేప్పుడు మధ్యలో ఒక మనిషి చేతులు చాపి పడుకునేంత చోటు ఉండాలి. మీటరున్నర. చోటు లేకపోతే వెనకాల రండి. మీ పెళ్లాలు తొమ్మిది నెలలు ఆగుతున్నారు, మీరు ఒక నిమిషం ఆగలేరా" అంది.

ఇక్కడిదాకా అయితే బాగానే ఉండేది. పట్నం నుంచి ఆరోగ్యశాఖ వాళ్లు ముగ్గురు దిగారు. బిడ్డ చెయ్యి పోయిందని ఊళ్లో గుసగుసలు. "సావ్కాకి వయసైపోయింది, సైకిలు మీంచి తనే పడింది, చెయ్యి జారి పిల్లని లాగేసింది" అని. ఎవరన్నారనుకున్నావు? ముందు మా అమ్మే అంది. ఆ రోజు ఆవిడ కుడి చెయ్యిగా పనిచేసిన మనిషే. సావ్కా అత్తని తీసేసి, కారున్న కుర్రదాన్ని వెయ్యాలని పట్నం వాళ్ల ఆలోచన. ఉద్యోగం పోతే సావ్కా అత్తకి ఇంకేముంది? పిల్లల్లేరు, మొగుడు యుద్ధంలో పోయాడు, ఆ సంచీ, ఆ సైకిలే లోకం. సహకార సంఘం హాల్లో మీటింగు. ఊరంతా వచ్చింది. నేను వెనక బెంచీ మీద, జేబులో ఆ రబ్బరు పిడి. గుమ్మడికాయ దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నట్టు మాటిమాటికీ జేబు తడుముకుంటున్నాను. చెప్పాలనే వెళ్లాను. చెబితే లైసెన్సు పోతుంది, జైలుకీ పోవచ్చు. అయినా లేచాను, ఒట్టు, సగం లేచాను. పట్నం ఆయన, "ఆ రోజు ఏం జరిగింది, మిమ్మల్ని ఏదైనా బండి గుద్దిందా" అని అడుగుతున్నాడు. ఆవిడ వెనక్కి తిరిగి, "కూర్చో తొందరగాడా, ఇంకా నీ వంతు రాలేదు" అంది. హాలంతా నవ్వింది. నేను కూర్చున్నాను. అందరూ వేళాకోళం అనుకున్నారు.

తర్వాత ఆయనతో అంది, ఇప్పటికీ నా చెవుల్లో ఉంది, "ఒక లారీ తగిలింది. ఎవరిదో మీకు చెప్పను. నాకు దోషి అక్కర్లేదు, నాకు మీటరున్నర కావాలి. దోషిని ఇస్తే ఒకణ్ణి జైల్లో పెట్టి మీరందరూ ఇళ్లకెళ్లి పడుకుంటారు. మిగతా ఇరవైమంది రేపు పొద్దున అలాగే దాటుతారు. చెయ్యి నయమయ్యాక నా పని నేను చేస్తాను. ఈలోగా దుంపలు తోలే ప్రతివాడూ ముందు ఒక గంట సైకిలు తొక్కాలి, పక్కనుంచి లారీ పోతుండగా. అది రాసుకోండి." సంఘం అధ్యక్షుడి కోడలు కడుపుతో ఉంది అప్పటికి. ఆయన వెంటనే రాసుకున్నాడు. పట్నం వాళ్లు గొణుక్కుంటూ వెళ్లారు, ఉద్యోగం మాత్రం తీయలేదు. నేను గుమ్మం దగ్గర ఆవిడ కాళ్ల మీద పడినంత పని చేశాను. చీదరించుకుంది. "నాకు మొక్కకు. వీళ్లకి చెప్పాల్సిన పనీ లేదు. ఆ పిల్ల పెద్దదై అర్థం చేసుకునే వయసొచ్చాక, ఆ పిల్లకి చెప్పు. అప్పుడు వస్తుంది నీ వంతు" అంది. సరేనన్నాను. చేతిలో చెయ్యేసి సరేనన్నాను.

చెయ్యి బాగయ్యాక ఆవిడ మళ్లీ సైకిలెక్కింది. ఈసారి వెనక క్యారేజీకి ఒక చీపురు అడ్డంగా కట్టింది. కర్ర ఎడంవైపు, రోడ్డు మీదకి, సరిగ్గా ఎంత కావాలో అంత. చివర తెల్లటి పసిపిల్లల గుడ్డ. ఊరంతా పగలబడి నవ్వింది. "సావ్కా చీపురెక్కి ఎగురుతోంది, దాక్కోండి" అని. ఆవిడా నవ్వేది. "గుడ్డ కదిలిందా, నువ్వు దగ్గరికొచ్చినట్టే. నీకు నేను తొడిగిన గుడ్డేరా ఇది, గుర్తుపట్టలేదా?" అని లారీవాళ్లని ఆపి మరీ చూపించేది. మమ్మల్నే కాదు, సైకిళ్లవాళ్లనీ వదల్లేదు. పొలం పని నుంచి అమ్మలక్కలు ముగ్గురేసి పక్కపక్కన కబుర్లాడుకుంటూ తొక్కేవాళ్లు, వాళ్ల వెనకాలే వెళ్లి, "వరసన పడండి, ఆ కబురు ఇంటికెళ్లినా పాచిపోదు" అనేది. పాయా అని ఉండేవాడు, పీకలదాకా రేగుపళ్ల సారా పోసుకుని రోడ్డంతా ముగ్గులు పెట్టేవాడు సైకిలుతో. వాడి సైకిలు చక్రాల్లో గాలి తీసేసి, నడిపించి ఇంటికి పంపింది, మూడు నెలలు, కనబడ్డప్పుడల్లా. "లారీవాడికీ పెళ్లాం పిల్లలుంటారు, నిన్ను తొక్కేసి వాడు అన్నమెలా తినాలి" అనేది. న్యాయమైన మనిషి నెవెనా. తనకి తగిలిన దెబ్బకి ఒక్కరి మీదా పగ పెట్టుకోలేదు, రెండు పక్కల వాళ్లకీ బుద్ధి చెప్పింది.

అదిగో అప్పుడు మొదలైంది, నువ్వు వింటుంటావే, మన దగ్గర బస్సులవాళ్లు చేసేది. ఇక్కడ సైకిలుని దాటేముందు హారన్ కొట్టరు. వెనకాల మెల్లగా వస్తారు. చోటుందనుకుంటే సైకిలువాళ్లు చెయ్యి ఊపుతారు, అప్పుడు దాటుతారు. దాటి బాగా ముందుకెళ్లాక రెండుసార్లు చిన్నగా కొడతారు. థాంక్స్ అన్నమాట. ముందు కాదు, తర్వాత. ఆవిడ పెట్టిన రివాజే అది. ఆవిడ పంతొమ్మిది వందల ఎనభై ఎనిమిదిలో, నిద్రలోనే పోయింది, మంచం మీద, ఆ రోడ్డు మాత్రం ఆవిణ్ణి తీసుకోలేకపోయింది. దుంపల కాలమే. ముందు శవం బండి, వెనక ఊళ్లో ఉన్న సైకిళ్లన్నీ, ఆ వెనక నిండు దుంపల లారీలు పద్దెనిమిది, నడిచే వేగంతో, మూడు కిలోమీటర్లు. ఒక్కడు దాటలేదు. శ్మశానం మలుపు తిరిగాక మ్లాదెన్ మాత్రం ఉండబట్టలేక రెండుసార్లు చిన్నగా కొట్టాడు. పాదిరిగారు ఉలిక్కిపడి ధూపం పళ్లెం జారవిడిచారు. నేను ఏడ్చాను, ఏడుస్తూ నవ్వాను.

మీ అమ్మకి అప్పుడు పదిహేడేళ్లు. అర్థమయ్యే వయసే. ఆ సాయంత్రం చెప్పాలనుకున్నాను. పెళ్లయ్యాక అనుకున్నాను. నువ్వు పుట్టాక అనుకున్నాను. మీ అమ్మమ్మకే చెప్పలేదు, తెలీకుండానే పోయింది ఆవిడ. తేలు కుట్టిన దొంగలా నోరు మూసుకుని యాభై ఏళ్లు. చిన్నప్పుడు మీ అమ్మ సైకిలు నేర్పమని ఎంత ఏడ్చేదో తెలుసా? ఒంటి చేత్తో హ్యాండిలు నిలవదు, పడిపోయేది. లేచి నాతో, "నీ తప్పేం లేదు నాన్నా, నా చెయ్యే ఇంత" అనేది. ఏడేళ్ల పిల్ల నన్ను ఓదార్చేది. అందుకే నువ్వు ఇవాళ హారన్ కొట్టగానే... ఆ పెద్దాయన తడబడ్డాడు, నువ్వు చూళ్లేదు. నేను వెనక్కి తిరిగి చూశాను. పడలేదు. ఈసారి పడలేదు.

ఆ సొరుగు తియ్యి. సూది దారాల డబ్బా కింద. ఆఁ, అదే, ఆ నల్లటిది. గట్టిపడిపోయింది రబ్బరు. ఇటివ్వు. నువ్వేం మాట్లాడకు, నాకు ధైర్యం చెప్పకు, చెబితే మళ్లీ రేపంటాను.

విన్నావా? రెండుసార్లు. చెరువు మలుపు దగ్గర సైకిలు మీద పోయే ఎవర్నో దాటి ఉంటాడు బస్సువాడు. బస్సొచ్చేసింది. పొయ్యి ఆపు, మూడు పళ్లేలు పెట్టు. ఉండు, నువ్వు లేవకు, తలుపు నేను తీస్తాను.